లెనోర్ బూట్లు ఎటు తిరిగితే అటు

టాల్బర్న్ సిటీ హాలుకి పొద్దున ఎనిమిదింటికి ఎవరు ఫోన్ చేసినా బెర్నడెట్ ముందు అనే మాట ఒక్కటే.

"ఉండండి, బూట్లు చూసి చెప్తాను."

బెర్నడెట్ ఇరవై రెండేళ్ళుగా అక్కడ క్లర్కు. కుర్చీలోంచి లేవదు, మెడ మాత్రం సాచి తలుపు పక్కన పరిచిన మ్యాటు వైపు చూస్తుంది. మేయర్ లెనోర్ వసిలుక్ బూట్లు అక్కడుంటాయి. వాటి ముక్కులు గోడ వైపు ఉంటే మేయర్ లోపల ఫైళ్ళు చూసుకుంటోందని లెక్క. ముక్కులు తలుపు వైపు తిరిగాయా, ఊళ్ళో ఎవరికో ఆవిడ అవసరం పడిందన్నమాట.

"తిరిగాయండీ. రైలు పట్టాల అవతలికే చూస్తున్నాయి. మధ్యాహ్నం చెయ్యండి," అని పెట్టేస్తుంది. అవతలివాళ్ళు కూడా ఏమీ అనుకోరు. వానొస్తోందంటే గొడుగు తీసుకున్నట్టే ఇదీను.

మా దగ్గర ఏడాదిలో సగం మంచే. ఎవరింటికెళ్ళినా బూట్లు గుమ్మంలో విప్పి మేజోళ్ళతో లోపలికి రావాలి, ఎంత పెద్దమనిషైనా సరే. లెనోర్ బూట్లు వాళ్ళ నాన్నవి. ఆయన రైల్వేలో పనిచేసేవాడు. కింద నల్ల రబ్బరు, లోపల మందపాటి ఉన్ని, మగవాళ్ళ సైజు. అడుగులు ఇప్పటికి నాలుగుసార్లు మార్పించింది. అవి మనం చూస్తుండగా తిరగవు. చక్కెర కోసం అటు చెయ్యి చాపి ఇటు చూసేసరికి తిరిగి ఉంటాయి. అప్పుడావిడ కప్పు అక్కడే పెట్టేసి, "సరే మరి, నేనెళ్ళాలి," అని లేచిపోతుంది. అందుకే మా ఊరి డోనట్ కొట్లో ఎవరికైనా అరకప్పు కాఫీ చాలనుకోండి, "ఒక లెనోర్ ఇవ్వు," అంటారు. ఆవిడ నిండు కప్పు తాగగా చూసినవాడు ఊళ్ళో లేడు.

దారిలో వచ్చే చిక్కల్లా కూడళ్ళ దగ్గరే. ఎటు తిరగాలో తెలియాలంటే బూట్లు విప్పి కింద పెట్టాలి కదా. అందుకని లెనోర్ సంచిలో ఒక చిన్న తివాసీ ముక్క పెట్టుకుని తిరిగేది. మైనస్ ముప్పైలో, నాలుగు రోడ్ల మధ్య, ఆ ముక్క మీద మేజోళ్ళతో నిలబడి, ఆకాశం వంక చూసి పదంకెలు లెక్కపెట్టేది. కార్లు ఆగి దారిచ్చేవి. ఒక్కడూ హారన్ కొట్టేవాడు కాదు.

ఆవిడ రాజకీయాల్లోకి వచ్చిందీ అలాగే. ముప్పై నాలుగేళ్ళప్పుడు స్కూలు బస్సు నడిపేది. ఫిబ్రవరిలో ఉపఎన్నిక వచ్చిపడింది. ఆ చలిలో గడపగడపకీ తిరగడానికి పార్టీలో ఒక్క మగాడూ ముందుకి రాలేదు. "నేను రోజూ తిరిగే దారేగా," అని ఈవిడ నిలబడింది. అవతలి అభ్యర్థి వీధుల జాబితా రాసుకుని వరసగా తలుపులు కొట్టాడు. ఈవిడ బూట్ల వెంట పడింది. మొదటి ఇంట్లో ఇల్లు వెచ్చబెట్టే కొలిమి ఆరిపోయి ఒక ముసలి రైతు కోటు మీద కోటు వేసుకుని కూచున్నాడు. మోకాళ్ళ మీద కూచుని కొలిమి వెలిగించి, ఇల్లు వెచ్చబడేదాకా ఉండి వచ్చేసింది. ఓటడగడం మర్చేపోయింది. రెండో ఇంట్లోనూ మర్చిపోయింది. అరవై ఒక్క ఓట్లతో గెలిచింది.

పందొమ్మిదేళ్ళు ప్రావిన్సు శాసనసభలో కూచుంది, అందులో మూడేళ్ళు రోడ్ల మంత్రి. సభ బయట కోట్లూ బూట్లూ పెట్టుకునే గది ఉంటుంది. అక్కడి నౌకరు ఈవిడ బూట్లకి మాత్రం ఓ మూల విశాలంగా చోటిచ్చేవాడు, తిరగడానికి ఇబ్బంది లేకుండా. అప్పుడే ప్రభుత్వానికి ఓ బుద్ధి పుట్టింది, చిన్న ఊళ్ళ ఆసుపత్రుల్లో అత్యవసర విభాగాలు మూసేద్దామని. జాబితాలో మా టాల్బర్న్ కూడా ఉంది. ఓటింగుకి ముందు లెనోర్ బయటికొచ్చింది. సొంత ప్రభుత్వం, పైగా తను మంత్రి. ఓటు వెయ్యకుండా ఇంటికి జారుకుందామనే అనుకుంది పాపం. తీరా చూస్తే బూట్లు వీధి వైపు లేవు. సభ వైపే తిరిగి ఉన్నాయి.

ఆవిడ ఆ బూట్లు తొడుక్కునే సభలోకి నడిచింది. ఎర్ర తివాసీ మీద నీళ్ళోడుతూ నిలబడి తన ప్రభుత్వానికే వ్యతిరేకంగా ఓటేసింది. ఒక్క ఓటు తేడాతో బిల్లు పోయింది. మర్నాడు మంత్రి పదవి పోయింది. మరుసటి ఎన్నికల్లో టికెట్టూ పోయింది. సొంతంగా నిలబడి నలభై ఓట్లతో ఓడింది. ఓడిన వారానికి, మాజీ మంత్రిగారు, పొద్దున ఏడింటికి పసుపుపచ్చ బస్సు స్టీరింగు వెనక! పిల్లలెక్కుతుంటే పేరుపేరునా పలకరిస్తోంది. ఎంత మంది మంత్రుల్ని చూశాం, అలాంటి మనిషిని ఇంకొకర్ని చూపించండి. రెండేళ్ళకి మేమే ఇంటికెళ్ళి బతిమాలి మేయర్‌గా నిలబెట్టుకున్నాం. అదిప్పటికి మూడోసారి.

ఈ ఫిబ్రవరికి ఆవిడకి అరవై ఎనిమిది నిండాయి. మెట్లెక్కితే ఆయాసం. ఆ సంగతి తెలిసినవాళ్ళు ఊళ్ళో ఇద్దరే, డాక్టర్ సోలా, బెర్నడెట్. గుండె రక్తనాళాలు సన్నబడ్డాయనీ, పెద్ద నగరానికెళ్ళి ఆపరేషన్ చేయించుకోవాలనీ డాక్టర్ రెండుసార్లు తేదీ ఇప్పించింది. రెండుసార్లూ లెనోర్ వాయిదా వేసింది.

"సోమవారం ఓటింగు అవనీ," అంది.

"సోమవారం తరవాత ఇంకో సోమవారం వస్తుంది," అంది బెర్నడెట్ ఫైలు బల్ల మీద పడేసి. "ఊరందరి బాధా కనిపెడతాయే నీ బూట్లు, నీ బాధ కనపడదూ వాటికి?"

"నా వైపు ఎలా తిరుగుతాయే? నా కాళ్ళకేగా ఉంటాయి!" అని లెనోర్ నవ్వబోయింది. ఆ నవ్వుకే ఊపిరాడక కుర్చీ పట్టుకుంది.

ఆ సోమవారం ఓటింగు గ్రేడన్ హాల్‌స్టెడ్ తెచ్చిన తీర్మానం మీద. గ్రేడన్ కౌన్సిలర్, ఇన్సూరెన్సు ఏజెంటు, వయసు నలభై నాలుగు. చెడ్డవాడు కాదు. తెలివైనవాడు, చక్కగా మాట్లాడతాడు, కాగితం మీద ఏం రాసినా ముత్యాల్లా ఉంటుంది. ఒకటే లోపం, ఎవరింటి గుమ్మమూ దాటడు. ఎన్నికలప్పుడు కూడా మెట్టు మీదే నిలబడి కాగితం చేతిలో పెట్టి, "మళ్ళీ బూట్లు విప్పడం, తొడుక్కోవడం, మీకెందుకు శ్రమ," అని వెళ్ళిపోయేవాడు. రైలు పట్టాల అవతల కాలిబాటల మీద మంచు ఇక సిటీ తియ్యక్కర్లేదు, ఎవరి ఇంటి ముందు వాళ్ళే తవ్వుకోవాలన్నది అతని తీర్మానం. పట్టాల అవతలుండేది ఎక్కువగా ముసలివాళ్ళు. లెనోర్ ఇల్లూ అక్కడే. ముందు రెండు వారాలు పరీక్షగా ఆపి చూద్దామని అప్పటికే ఒప్పించుకున్నాడు. ఆ వారాంతానికి తొమ్మిది రోజులైంది, అక్కడ మంచు మోకాలు దాటింది. ఏడుగురు కౌన్సిలర్లలో నలుగురు అతని వైపే.

శుక్రవారం సాయంత్రం చర్చి హాల్లో పెరోగీల విందు. ఏటా ఉండేదే. బంగాళదుంప కూరి, కజ్జికాయల్లా మడిచి ఉడికించిన పెరోగీలు, వేయించిన ఉల్లిపాయలు, పైన పుల్లటి మీగడ. మూడొందల మంది వస్తారు. అంటే హాలు వసారాలో మూడొందల జతల బూట్లు. ఊళ్ళో ఉన్నది ఒకే బూట్ల కొట్టు, కాబట్టి సగానికి సగం ఒకే రకం. తారుమారు కాకుండా కొందరు పేరు రాసిన బట్టల క్లిప్పు పెట్టుకుంటారు. లెనోర్ ఎర్ర ఉన్ని దారం కట్టుకుంటుంది. ఆ రోజు వసారాలో ఆ దారం తెగి పడిపోయింది. వంగి తీసి కట్టుకుందామంటే గుండెలో పట్టేసినట్టయింది. "ఉంటాయిలే," అనుకుని గోడ పట్టుకుని లోపలికెళ్ళింది.

విందయ్యాక అందరూ వెళ్ళాక చూస్తే ఒకే ఒక్క జత మిగిలింది. కొత్తగా నిగనిగలాడుతున్నాయి.

"గ్రేడన్‌వి. పోయిన వారమే కొన్నాడు," అంది గిన్నెలు తుడుస్తున్న బెర్నడెట్. "ఫోన్ చెయ్యనా?"

"వద్దులే. సోమవారం మీటింగులో మార్చుకుంటాం." లెనోర్ ఆ బూట్లలో కాళ్ళు పెట్టి రెండడుగులు వేసి చూసుకుంది. "అబ్బ, ఎంత వెచ్చగా ఉన్నాయే!"

శనివారం పొద్దున తొమ్మిదింటికి గ్రేడన్ ఇంట్లో, అతని భార్య సెలెస్ట్ పేపరు తేవడానికి గుమ్మం దగ్గరికెళ్ళి అక్కడే ఆగిపోయింది.

"ఇదిగో, గ్రేడన్! నీ బూట్లు తిరిగాయి."

"నా బూట్లు తిరగడమేంటి?" గ్రేడన్ వచ్చి చూశాడు. మడమ దగ్గర అతుకు, అరిగిన ముక్కులు. అతని మొహం మాడిపోయింది. "అయ్యో, ఇవి లెనోర్‌వి! రాత్రి చీకట్లో చూసుకోలేదు."

లెనోర్ ఇంటికి ఫోన్ చేశాడు. మోగింది, మోగింది, ఎవరూ ఎత్తలేదు. ఎక్కడికో వెళ్ళుంటుందనుకుని బూట్లని గోడ వైపు తిప్పి పెట్టి కాఫీ పోసుకున్నాడు. తిరిగి చూస్తే మళ్ళీ తలుపు వైపు ఉన్నాయి.

"వెళ్ళవా?" అంది సెలెస్ట్.

"మేయర్ పని మేయర్ చూసుకుంటుంది. నాకేం సంబంధం?"

"పన్నెండేళ్ళుగా కౌన్సిలర్‌వి. నేనడుగుతానని కాదు గానీ, ఈ ఊళ్ళో ఎవరి వంటిల్లు ఏ రంగో ఒక్కటి చెప్పు చూద్దాం."

గ్రేడన్‌కి ఒక్క వంటిల్లూ గుర్తు రాలేదు. విసురుగా కోటు తగిలించుకుని ఆ బూట్లే తొడుక్కున్నాడు.

మొదటి కూడలి దగ్గరే కాళ్ళు ఆగిపోయాయి. తివాసీ ముక్క తెచ్చుకోలేదు మరి. అటూ ఇటూ చూసి, బూట్లు విప్పి, మేజోళ్ళతో మంచు మీద నిలబడ్డాడు. మైనస్ ముప్పై ఒకటి. పది లెక్కపెట్టేలోగా పాదాలు మొద్దుబారాయి. చెత్త లారీ పక్కన ఆగింది.

"ఏం గ్రేడన్, మేయర్‌వి అయిపోయావా ఏంటి?" అని లారీ నడిపే రస్టీ తల బయటపెట్టి పగలబడి నవ్వాడు.

"నీ పని నువ్వు చూసుకోవయ్యా!"

"అదే చూసుకుంటున్నా. నువ్వు దారికడ్డంగా నిలబడ్డావు."

బూట్లు పట్టాల వైపు తిరిగాయి. దాటాడు. దాటిన అడుగు నుంచీ కాలిబాట లేదు. మోకాళ్ళు దాటిన మంచు. కొన్ని ఇళ్ళ ముందు పారతో సన్నగా తవ్వుకున్న జాడలున్నాయి, కొన్నిటి ముందు తొమ్మిది రోజులుగా ఎవరూ అడుగు పెట్టిన గుర్తే లేదు. ఒక ఇంటి కిటికీలోంచి ఓ ముసలాయన చెయ్యూపాడు. గ్రేడన్ కూడా ఊపాడు. ఆయన ఎన్నాళ్ళుగా బయటికి రాలేదో అన్న ఆలోచన అప్పుడు మొదటిసారి వచ్చింది. అయిదు నిమిషాల దారి అరగంట పట్టింది. రెండుసార్లు బోర్లా పడ్డాడు.

చివరి మలుపులో బూట్లు ఒక చిన్న ఆకుపచ్చ ఇంటి వైపు తిరిగాయి. చూసి గ్రేడన్‌కి ఒళ్ళు మండింది. అది లెనోర్ ఇల్లే.

"ఓహో, మీ ఇంటికి మీరొచ్చారన్నమాట!" అని బూట్లని తిట్టాడు. "దీనికోసమా నన్నింత దూరం ఈడ్చుకొచ్చారు?"

వీటిని మెట్టు మీద పడేసి తన కొత్త బూట్లు తీసుకుపోదామని తలుపు తట్టాడు. పలుకు లేదు. మా ఊళ్ళో తలుపులకి తాళాలుండవు. తలుపు తీసి, లోపల మ్యాటు మీద తన బూట్లు చూసి, కాళ్ళవి విప్పి, ముక్కులు వీధి వైపు వచ్చేలా పెట్టాడు. తన బూట్ల కోసం వంగి లేచేసరికి పాత బూట్లు వెనక్కి తిరిగి ఉన్నాయి. ఇంటి లోపలికి.

అప్పుడు తట్టింది గ్రేడన్‌కి. ఇన్నేళ్ళూ ఆవిడ గుమ్మంలోనే ఉండి బయటికి చూసిన బూట్లు, వేరే వాళ్ళ గుమ్మంలోకి వెళ్ళిన మొదటి పొద్దునే ఆవిడ ఇల్లు చూపించాయి.

"లెనోర్!" అని అరుస్తూ మేజోళ్ళతో లోపలికి పరిగెత్తాడు.

ఆవిడ వంటింట్లో నేల మీద పడి ఉంది. పక్కన కాఫీ ఒలికి ఉంది. పెదాలు నీలం తిరిగాయి. కళ్ళు తెరిచే ఉన్నాయి.

"నువ్వా?" అంది, గాలి మాత్రమే వచ్చింది. "బూట్ల కోసం వచ్చావా?"

"మాట్లాడకండి. నేనున్నాను, నేనున్నాను," అంటూనే ఫోన్ చేశాడు.

అంబులెన్సు నాలుగు నిమిషాల్లో వీధి చివరికి వచ్చింది. అక్కడ ఆగిపోయింది. రోడ్డు మీద మంచు తోసే బండి వెళ్ళేటప్పుడు పక్కకి గట్టు పోసి పోతుంది. ఆ గట్టు తీసే కాలిబాట బండిని రమ్మనలేదు కదా, పరీక్ష నడుస్తోంది. గట్టు మనిషి రొమ్ము దాకా ఉంది, రాయిలా గడ్డకట్టింది. స్ట్రెచర్ ఇటు రాదు.

గ్రేడన్ లెనోర్ పార పట్టుకుని గట్టు మీదికి దూకాడు. పిచ్చివాడిలా తవ్వుతున్నాడు. "రండీ! ఎవరైనా రండీ! లెనోర్‌కి బాగాలేదు!" అని గొంతు పోయేలా అరిచాడు. తలుపులు తెరుచుకున్నాయి. కిటికీలో చెయ్యూపిన ముసలాయన నిద్రబట్టల మీద కోటేసుకుని పారతో వచ్చాడు. ఎదురింటావిడ రొట్టెలు కాల్చే రేకు పట్టుకుని వచ్చింది. ఒకావిడ చేతికర్రతోనే మంచు పొడుస్తోంది. ముప్పై ఏళ్ళలో ఎప్పుడో ఒకప్పుడు లెనోర్ సగం కప్పు కాఫీ వదిలి వెళ్ళిన ఇళ్ళే అన్నీ. పదకొండు నిమిషాల్లో దారి పడింది.

ఆసుపత్రి అత్యవసర విభాగంలో డాక్టర్ సోలా సిద్ధంగా ఉంది. బయట వసారాలో జనం. ఎవరూ పైకి అనలేదు గానీ అందరి మనసులోనూ ఒకటే లెక్క తిరిగింది. శాసనసభలో ఓటింగు నాడే ఈ విభాగం మూతపడి ఉంటే తరవాతి ఆసుపత్రి గంటన్నర దూరం. గ్రేడన్ మేజోళ్ళు తడిసి కారుతుంటే గోడకానుకుని కూచుని ఏడ్చాడు. బెర్నడెట్ వచ్చి పక్కన కూచుంది. తిట్టడానికే వచ్చింది, తిట్టలేకపోయింది. తన శాలువా తీసి అతని కాళ్ళ మీద కప్పింది.

మధ్యాహ్నానికి డాక్టర్ బయటికొచ్చి, "ప్రాణం నిలబడింది," అంది.

సోమవారం కౌన్సిల్లో మేయర్ కుర్చీ ఖాళీగా ఉంది. గ్రేడన్ లేచాడు. ఎప్పుడూ చేతిలో ఉండే కాగితం లేదు.

"నా తీర్మానం వెనక్కి తీసుకుంటున్నాను," అన్నాడు. "ఆ దారిలో నడిచి చూశాను." అంతే చెప్పి కూచున్నాడు. రస్టీ ఆ మధ్యాహ్నమే చెత్త లారీ వదిలి మంచు బండెక్కి, దాన్ని పట్టాలు దాటించాడు.

ఏప్రిల్లో లెనోర్ ఆపరేషన్ చేయించుకుని ఇంటికి వచ్చింది. చిక్కింది గానీ మొహంలో రంగుంది. గ్రేడన్ పాత బూట్లు తుడిచి, ఎర్ర ఉన్ని దారం కొత్తది కట్టి, సంచిలో పెట్టుకుని వచ్చాడు. గుమ్మంలో ఆవిడ మ్యాటు మీద ఆ పాత జతా, తను తొడుక్కొచ్చిన కొత్త జతా పక్కపక్కన, ముక్కులు గోడ వైపు వచ్చేలా పెట్టాడు. బెర్నడెట్ కాఫీ పోసింది. గ్రేడన్ వంటింటి గోడలు చూసి, "లేత పసుపు," అన్నాడు తనలో తనే.

"ఏంటది?"

"ఏం లేదు. ఆ ముసలాయన వంటిల్లు నీలం. ఎదురింటావిడది తెలుపు, పైన పళ్ళ బొమ్మలు."

లెనోర్ నవ్వింది. "తిన్నావా వాళ్ళింట్లో?"

"తినకపోతే వదుల్తారా? నాలుగు కిలోలు పెరిగాను," అని మీగడ కోసం చెయ్యి చాపాడు.

తిరిగి చూసేసరికి పాత బూట్లు తలుపు వైపు ఉన్నాయి. ముగ్గురూ చూశారు. లెనోర్ అలవాటు కొద్దీ కుర్చీ చేతులు పట్టుకుని లేవబోయింది. అంతలో ఆగింది.

"వెళ్ళు," అంది గ్రేడన్‌తో.

"మీవి కదండీ."

"నా కాళ్ళకి నీవే వెచ్చగా ఉన్నాయి. వెళ్ళవయ్యా, ఎవరో ఎదురు చూస్తుంటారు." తన సంచిలోంచి తివాసీ ముక్క తీసి అతని చేతిలో పెట్టింది. "ఇది మర్చిపోకు. మేజోళ్ళు పాడైపోతాయి."

అక్టోబరు మేయర్ ఎన్నికల సంగతి మీకు నేను వేరే చెప్పక్కర్లేదు. అతను ప్రతి గుమ్మం దగ్గరా బూట్లు విప్పాడు. రెండిళ్ళలో ఓటడగడం మర్చిపోయాడట కూడా.

ఏప్రిల్లో ఆ రోజు మాత్రం గ్రేడన్ గబగబా వెళ్ళిపోయాక లెనోర్ మ్యాటు వైపు చూసింది. కొత్త బూట్లు పెట్టినవి పెట్టినట్టే గోడ వంక చూస్తూ కూచున్నాయి. ఆవిడ మెల్లిగా తన కప్పు ఖాళీ చేసింది. అడుగు కనపడేసరికి ఆశ్చర్యంగా కప్పులోకి చూసుకుంది.

"అడుగున పువ్వుందే దీనికి!"

"ముప్పై ఏళ్ళుగా ఉంది," అంది బెర్నడెట్ కళ్ళు తుడుచుకుంటూ.

లెనోర్ బల్ల మీదకి వంగి, గ్రేడన్ వదిలి వెళ్ళిన సగం కప్పు కూడా తన ముందుకి లాక్కుంది.